గాలిమర బ్లాకులు ముప్పై కుట్టాను, ఒకదాని కొలత ఒకదానికి కలవడం లేదు

కలంకారి_ముక్క
నెల రోజులుగా ఒక చంటిబిడ్డ క్విల్టు మీద, అంటే గుడ్డ ముక్కలు కలిపి కుట్టే బొంత మీద పని చేస్తున్నాను. మా అక్క మనవరాలి కోసం. పెడన నుంచి తెచ్చుకున్న అద్దకం కలంకారి, దానికి జతగా ఇక్కడ అమెరికాలో, ఆస్టిన్‌లో కొన్న తెల్ల కాటన్. త్రిభుజాలు గాలిమర రెక్కల్లా కలిసే చదరపు బ్లాకులు అడ్డంగా 5, నిలువుగా 6, మొత్తం 30. కుట్టులోకి పోయేది పోగా ఒక్కొక్కటి 8 అంగుళాలు ఉండాలి, అంటే ఇప్పుడు విడిగా కొలిస్తే 8½ రావాలి.

నిన్న రాత్రి ముప్పైనీ మంచం మీద పరిచి కొలిచాను. 8⅜ ఉన్నవి ఉన్నాయి, 8⅞ దాకా పోయినవీ ఉన్నాయి. సరిగ్గా 8½ వచ్చినవి నాలుగు. ఒకే బ్లాకులో పై అంచు ఒక కొలత, కింది అంచు ఇంకో కొలత. కొన్నిటి అంచులు నూనెలో వేసిన అప్పడంలా అలలు తిరిగాయి.

బ్లేడు కొత్తది. మిషన్‌కు బిగించినది పావు అంగుళం పాదమే, అంటే అంచు నుంచి పావు అంగుళంలో కుట్టు పడేలా గుడ్డను నొక్కిపట్టేది. చదరాలన్నీ ఒకటికి రెండుసార్లు కొలిచి కోశాను. పొరపాటు ఎక్కడ జరిగిందో తెలియక రాత్రంతా నిద్ర పట్టలేదు. సంక్రాంతికి బిడ్డను ఊరికి తీసుకువెళ్తారు, అప్పటికి ఇవ్వాలి.

సూదిదారం
త్రిభుజాలు ఎలా తయారు చేశారు? అసలు సంగతి అక్కడే ఉంటుంది, మీరు అది చెప్పలేదు.

కలంకారి_ముక్క
7 అంగుళాల చదరాలు రెండు, ఒకటి కలంకారి, ఒకటి తెలుపు. మంచివైపులు లోపలికి ఉండేలా ఒకదాని మీద ఒకటి పెట్టి నాలుగు వైపులా కుట్టేశాను. తర్వాత మూల నుంచి మూలకు రెండు కోతలు. విప్పితే రెండు రంగుల చదరాలు నాలుగు వస్తాయి. ఒక జతకు ఒక గాలిమర సరిపోతుంది. ఒక వీడియోలో చూసి నేర్చుకున్నాను. చాలా వేగంగా అయింది.

పావుఅంగుళం
వేగంగా అయినది అక్కడే, చెడినది కూడా అక్కడే.

మీ 7 అంగుళాల చదరం ఒకటి చేతిలోకి తీసుకోండి. దాని అంచులు పడుగు (నిలువు పోగులు) వెంట, పేక (అడ్డ పోగులు) వెంట ఉన్నాయి. ఆ వైపు పట్టుకుని లాగితే గుడ్డ కదలదు. ఇప్పుడు రెండు ఎదురెదురు మూలలు పట్టుకుని లాగండి, సాగుతుంది. పోగులు ఒకదాని మీద ఒకటి కత్తెరలా జరుగుతాయి, చదరం కాస్తా గాలిపటం ఆకారానికి వస్తుంది. అదే ఐమూల.

మీరు కుట్టినది చదరం అంచుల వెంట, కోసినది మూల నుంచి మూలకు. కాబట్టి విప్పిన ముక్కలో మధ్య కుట్టు తిన్నటి పోగు మీద ఉంది, బయటి నాలుగు అంచులూ ఐమూల మీద ఉన్నాయి. కావలసినది దీనికి సరిగ్గా తలకిందులు. ఐమూల మధ్యలో కుట్టుకు చిక్కి ఉండాలి, తిన్నటి పోగు బయట ఉండాలి. నాలుగు ముక్కలు కలిపాక మీ గాలిమర చుట్టూ ఉన్నదంతా సాగే అంచే. ముట్టుకున్న ప్రతిసారీ దాని కొలత మారుతుంది. నిన్న రాత్రి మంచం మీద పరిచినప్పుడు కూడా కొంచెం మారి ఉంటుంది.

టైలరు_మేనల్లుడు
మా మేనమామది తెనాలిలో టైలరింగ్ దుకాణం. జాకెట్టు మెడకు పైపింగ్ వేయడానికి ఆయన ఎప్పుడూ క్రాస్ పట్టీయే, అంటే ఐమూలగానే కోస్తాడు. నిలువు పట్టీ వేస్తే మెడ వంపు దగ్గర ముడతలు పడుతుంది, క్రాస్ పట్టీ వంపు వెంట సాగి చక్కగా కూర్చుంటుంది. ప్యారిస్‌లో మడలీన్ వియోనె 1920లలో ఐమూల కోతతో గౌన్లు కుట్టి పేరు తెచ్చుకున్నదీ ఈ గుణంతోనే, గుడ్డ ఒంటి మీదికి జారి ఒదిగిపోతుంది. గుడ్డ తప్పు ఏమీ లేదు. వంపు తిరగాల్సిన చోట అది కావాలి, చదరంగా నిలవాల్సిన చోట వద్దు.

లెక్కల_మాస్టారు
ఐమూల ఒక్కటే కారణం కాదు. లెక్క కట్టి చూశాను.

చుట్టూ కుట్టి రెండుసార్లు కోసే పద్ధతిలో, చదరం కొలతలోంచి రెండు కుట్లు, అంటే అర అంగుళం తీసేసి, 1.414తో భాగించాలి. 7 లోంచి అర పోతే 6.5. భాగిస్తే 4.596. అవి రెండు పక్కపక్కన కుడితే 9.19 లోంచి మళ్ళీ అర పోతుంది, 8.69. అంటే గుడ్డ ఒక్క పోగు కూడా సాగకపోయినా, మీ కుట్టు సరిగ్గా పావు అంగుళమే ఉన్నా, బ్లాకు 8½ రాదు. ముక్కలను 4½కు కోసి సరిచేశారా?

కలంకారి_ముక్క
లేదు. వీడియోలో "దాదాపు నాలుగున్నర వస్తుంది" అన్నారు. అలాగే కలిపేశాను.

మాస్టారూ, 8.69 రావాలంటే మరి 8⅜ వచ్చిన వాటి మాట ఏమిటి? సాగితే పెరగాలి, ఇవి తగ్గాయి కదా. అలాంటివి పదకొండు ఉన్నాయి.

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న. కుట్టు పావు అంగుళం కాకుండా ఒక్క వీసం ఎక్కువ పడిందనుకోండి. వీసం అంటే పదహారో వంతు, మా నాయనమ్మ బంగారం దగ్గర నుంచి బెల్లం దాకా అన్నీ వీసాల్లోనే చెప్పేది. 7 లోంచి 0.625 పోతే 6.375, భాగిస్తే 4.508. రెండు కలిపి 9.016, మళ్ళీ 0.625 తీసేస్తే 8.39. అదే మీ 8⅜.

ఆ పదకొండింటికీ కుట్టు ఒక వీసం ఎక్కువ పడింది. 8⅞ వచ్చినవి కుట్టు సరిగా పడి, ఆపైన సాగినవి. మీకు ఉన్నవి రెండు జబ్బులు. రెంటికీ ఒకే మందు వేస్తే కుదరదు.

సూదిదారం
కుట్టు పరీక్ష ఇప్పుడే చేయండి, పది నిమిషాల పని. 1½ అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కోసి పక్కపక్కన కుట్టండి. ఇస్త్రీ చేసి మధ్య పట్టీని కొలవండి. సరిగ్గా 1 అంగుళం ఉండాలి. తక్కువ ఉంటే మీ కుట్టు లావు. పాదం మీద పావు అంగుళం అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. గుడ్డ మడత తిరిగేచోట దారం మందం, గుడ్డ మందం కొంత తినేస్తాయి. అందుకే నేను పావుకు ఒక పోగు తక్కువగా కుడతాను.

విజయనగరం_వాణి
ఇంత లెక్క అవసరమా అనిపిస్తోంది. నేను ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను. కోసేటప్పుడే సరిగా కోస్తే తర్వాత సరిచేసే పని ఉండదు. కుట్టులోపల కావలసిన కొలతకు ⅞ కలిపి రెండు రంగుల్లో ఒక్కో చదరం కోసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు అటూ ఇటూ పావు అంగుళంలో కుట్టి, గీత మీద కోస్తే రెండు ముక్కలు వస్తాయి. అవి అలాగే కలుపుతాను. కోసి పారేయడం నాకు మనసొప్పదు, అది కూడా డబ్బు పెట్టి కొన్న గుడ్డే.

పావుఅంగుళం
వాణిగారూ, మీ పద్ధతిలో ఐమూల మధ్య కుట్టులో చిక్కుకుని ఉంటుంది, అందుకే మీకు నడుస్తోంది. అది మంచి పద్ధతే. ⅞ కలపడం మాత్రం చాలా బిగుతు. ఇస్త్రీలో ఏ కొంచెం వంకర పోయినా సరిచేయడానికి గుడ్డ మిగలదు. నేను 1 అంగుళం కలిపి కోసి, కుట్టాక స్కేలు పెట్టి కొలతకు కోస్తాను. 4 అంగుళాల త్రిభుజానికి 5 అంగుళాల చదరం. పోయేది అంచున నూలుపోగు లాంటి పట్టీ.

లెక్కల_మాస్టారు
⅞ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను, ఎందుకో తెలియకుండా గుర్తు పెట్టుకోవడం కష్టం. త్రిభుజానికి మూడు వైపులా పావు అంగుళం కుట్టు వదలాలి. లంబకోణం దగ్గర పావు చాలు. వాడి మూల దగ్గర ఐమూల కుట్టు ఏటవాలుగా వస్తుంది కాబట్టి అక్కడ 0.25ను 2.414తో హెచ్చించాలి, 0.604 అవుతుంది. రెండూ కలిపితే 0.854. స్కేలు మీద 0.854 ఉండదు కనుక పై గీతకు జరిపి ⅞, అంటే 0.875 అన్నారు. వాణిగారికి మిగిలే గుడ్డ ఆ 0.02 అంగుళమే. ఆవిడ చెయ్యి స్థిరమైనది కాబట్టి సరిపోతోంది.

విజయనగరం_వాణి
ఆ మాట ఒప్పుకుంటాను. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మాత్రం ఇకనుంచి 1 అంగుళం కలపమనే చెబుతాను.

ఇంకొక మాట. 1979లో జపాన్ కంపెనీ ఒల్ఫా వారి రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు దొర్లించి కోసేది) రాకముందు ఈ పనంతా అట్ట నమూనా పెట్టి, పెన్సిల్‌తో గీసి, కత్తెరతో కోసేవారు. కత్తెర కింది రెక్క గుడ్డను బల్ల మీద నుంచి పైకి ఎత్తుతుంది. ఐమూల కోతలో ఆ ఎత్తడం దగ్గరే సాగడం మొదలవుతుంది. కట్టర్‌తో గుడ్డ కదలకుండా పడి ఉంటుంది. బ్లేడు మొద్దుబారితే మాత్రం పోగులను కోయకుండా ముందుకు తోస్తుంది. మరిచిపోకుండా మారుస్తూ ఉండాలి.

కలంకారి_ముక్క
పరీక్ష చేశాను. ఈ రోజు కుట్టినది మధ్య పట్టీ సరిగ్గా 1 అంగుళం వచ్చింది. అయితే ఆ పదకొండు ఎందుకు తగ్గాయని ఆలోచిస్తుంటే గుర్తొచ్చింది. మొదటి వారం మధ్యలో మా అమ్మాయి సంచికి జిప్పు కుట్టాను. జిప్పు కోసం సూదిని ఒక మెట్టు ఎడమకు జరిపాను. తిరిగి మధ్యకు ఎప్పుడు తెచ్చానో గుర్తు లేదు. నా పాదంలో సూది దిగే కంత వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఎక్కడా తగల్లేదు, నేనూ గమనించలేదు.

సూదిని మళ్ళీ ఒక మెట్టు ఎడమకు జరిపి ఇంకో మూడు పట్టీలు కుట్టి చూశాను. మధ్యది ⅞ వచ్చింది.

లెక్కల_మాస్టారు
1½ లోంచి ⅝ పోతే ⅞. సరిపోయింది. ఒక వీసం.

బొంత_మనవరాలు
ఈ చర్చ చదువుతుంటే మా బామ్మ గుర్తుకొస్తోంది. శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో ఆవిడ పాత నేతచీరలతో బొంతలు కుట్టేది. స్కేలు లేదు, కట్టర్ లేదు. చీరకు పంటితో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చర్రున చింపేది. నేను పక్కన కూర్చుని ముక్కలను రంగుల వారీగా దొంతరలు పెట్టేదాన్ని. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పెద్దయ్యాక తెలిసింది, నేతగుడ్డను చింపితే అది పోగు వెంటే చినుగుతుంది. ఐమూలగా చింపాలన్నా చినగదు, కాస్త దూరం వెళ్లి పోగు వెంటకే తిరిగిపోతుంది. ఆవిడ బొంతలో ఐమూల అంచు అన్నది ఒక్కటి కూడా ఉండే అవకాశం లేదు. ముక్కల కింద రెండు మూడు పొరల పాత చీర, పైన అడ్డంగా వరుసలు వరుసలుగా చేతికుట్టు. ముప్పై ఏళ్ల బొంత ఇంకా నలుమూలలా చదునుగా ఉంది. నిన్ననే పెట్టెలోంచి తీసి చూశాను. ఎర్రచీర ముక్క దగ్గర ఒకచోట మాత్రం నేత చిరిగింది, కుట్టు చెక్కుచెదరలేదు.

టైలరు_మేనల్లుడు
బామ్మగారికి 8½ అంగుళాలతో పని లేదు, చలిలో ఇద్దరు పిల్లల కాళ్లు కప్పితే కొలత సరిపోయినట్లే.

సూదిదారం
బామ్మగారి మీద గౌరవంతోనే ఒక మాట. చింపితే దిశ సరిగా వస్తుంది, కానీ చింపిన అంచు వెంట పోగులు నాలుగైదు లాగినట్లయి వంకర తిరుగుతాయి. బొంతకు అది చెల్లుతుంది. వాడి కొనలు ఒకచోట కలవాల్సిన గాలిమరకు చెల్లదు. నేను పోగు దిశ తెలుసుకోవడానికి ఒక్కసారి చింపి, గంజి పెట్టి ఇస్త్రీ చేసి, ఆ అంచును ఆధారం చేసుకుని కట్టర్‌తో కోస్తాను.

బొంత_మనవరాలు
అది న్యాయమైన మాటే. ఆధారం చేసుకోవడమన్నది నాకు తట్టలేదు.

నీలిరంగు_దారం
గంజి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. కోయడానికి ముందా, తర్వాతా? ఇంట్లో వార్చిన గంజి పనికొస్తుందా, డబ్బాలో స్ప్రే కొనాలా?

సూదిదారం
కోయడానికి ముందు. తడిసిన గుడ్డ ఎండేటప్పుడు కుంచించుకుపోతుంది. కోశాక గంజి పెడితే కోసిన కొలత పోతుంది.

అన్నం వండే ఇంట్లో డబ్బా కొనాల్సిన పని లేదు. వార్చిన గంజి పల్చని గుడ్డలో వడకట్టండి. ఒక్క మెతుకు కూడా ఉండకూడదు. దానికి మూడింతలు నీళ్లు కలపండి. గుడ్డను ముంచి, పిండకుండా నీడన ఆరేసి, ఇంకా కొద్దిగా తేమ ఉండగానే ఇస్త్రీ చేయండి. కాగితంలా నిలబడాలి. అలా నిలబడిన గుడ్డను ఐమూలగా కోసినా వెంటనే సాగదు. పని అంతా అయ్యాక క్విల్టును ఉతికేయాలి. గంజి ఉన్న గుడ్డను పెట్టెలో దాస్తే పురుగు పడుతుంది.

విజయనగరం_వాణి
ముదురు రంగు గుడ్డకు అన్నం గంజి తెల్లటి పొర కడుతుంది. ముందు చిన్న ముక్క మీద చూడండి.

పావుఅంగుళం
ఇక్కడ ఇంకో విషయం ఉంది. పెడన కలంకారి గుడ్డ మన చేతికి వచ్చేసరికే కరక్కాయ నీళ్లలో మునిగి, రంగు పొయ్యి మీద ఉడికి, ఎన్నోసార్లు కాలవలో ఉతుకులు పడి వస్తుంది. మిల్లు పెట్టిన గంజి దానిలో ఏమీ మిగలదు, మెత్తగా జారుతుంది. దుకాణంలో కొన్న తెల్ల కాటన్ గట్టిగా ఉంటుంది. రెండూ ఒకే కుట్టులో కలిపితే మెత్తనిది ఎక్కువ సాగుతుంది, గట్టిది అలాగే ఉంటుంది. అప్పడం అలలు కలంకారి వైపే ఎక్కువగా ఉన్నాయా?

కలంకారి_ముక్క
అవును! తెల్ల వైపు అంచు తిన్నగానే ఉంది. అది గమనించి కూడా రంగువల్ల అలా కనిపిస్తోందేమో అనుకున్నాను.

మిషన్_చప్పుడు
ఇస్త్రీ గురించి ఎవరూ మాట్లాడలేదు. నా అనుభవంలో సగం నష్టం అక్కడే. చొక్కాకు తోసినట్లు పెట్టెను ముందుకూ వెనక్కూ తోస్తే ఐమూల అంచు దానితో పాటు నడిచిపోతుంది. ఎత్తి, దించి, నొక్కి, మళ్ళీ ఎత్తాలి. ముందుగా కుట్టును మూసి ఉండగానే ఒకసారి నొక్కండి, దారం గుడ్డలో కూర్చుంటుంది. తర్వాత విప్పి నొక్కండి. ఆవిరి మీట ముట్టుకోవద్దు.

కుట్టేటప్పుడు కూడా ఒకటి చూడండి. ఒక అంచు తిన్నటిది, ఒకటి ఐమూలది అయితే ఐమూలది కిందికి పెట్టండి. మిషన్ పళ్లు కింది గుడ్డను కాస్త ముందుకు లాక్కుంటాయి, సాగిన భాగం సర్దుకుంటుంది. పైన పెడితే పాదం దాన్ని ముందుకు తోసి ఇంకా సాగదీస్తుంది.

విజయనగరం_వాణి
ఆవిరి విషయంలో నేను ఒప్పుకోను. సాగిపోయిన అంచును తిరిగి దగ్గరకు తేవడానికి ఆవిరికి మించినది లేదు. బ్లాకును గుండుసూదులతో కొలతకు బిగించి, పెట్టె తాకకుండా పైనుంచి ఆవిరి పట్టి, పూర్తిగా చల్లారేదాకా వదిలేయాలి.

మిషన్_చప్పుడు
సూదులతో బిగించి, పెట్టె తాకకుండా అయితే సరే. నేను అన్నది ఆవిరితో తోయడం గురించి.

కలంకారి_ముక్క
ఇప్పుడు ముప్పైనీ విప్పేయాలా? అది చెప్పండి ముందు. పెడన గుడ్డ ఇంక అరగజమే ఉంది, మళ్ళీ తెప్పించే వీలు లేదు.

పావుఅంగుళం
విప్పకండి. విప్పితే ఐమూల అంచులు ఇంకా పాడవుతాయి.

మీ అదృష్టం ఏమిటంటే మీరు కుట్టినది గాలిమర. దానిలో ఎనిమిది కొనలు మధ్యలో కలుస్తాయి, ఐమూల కుట్లు అక్కడి నుంచి తిన్నగా నాలుగు మూలలకు పోతాయి. నాలుగు వైపులా సమానంగా ఎంత కోసినా ఆ కుట్లు మూలల్లోకే వస్తాయి, ఏ కొనా తెగదు. నక్షత్రం బ్లాకు అయి ఉంటే కొనలు తెగిపోయేవి.

కాబట్టి 8½ వదిలేయండి. మీ అన్నిటికంటే చిన్నది 8⅜ కదా. అన్నిటినీ 8¼కు కోయండి. ముందు గంజి పట్టించి, తోయకుండా ఆరనిచ్చి, నొక్కండి. పెద్ద చదరపు స్కేలు మీద రెండు వైపుల నుంచీ 4⅛ గీతలు కలిసే బిందువును బ్లాకు మధ్య కొన మీద పెట్టండి. స్కేలు ఐమూల గీత కుట్టు మీద పడాలి. కుడి అంచు, పై అంచు కోసి, సగం చుట్టు తిప్పి మిగిలిన రెండూ కోయండి. కోశాక వాటిని చేత్తో లాగకుండా ఒకదాని మీద ఒకటి చదునుగా పెట్టండి.

లెక్కల_మాస్టారు
అప్పుడు బ్లాకు కుట్టులోపల 7¾ అవుతుంది. అయిదు కలిపితే 38¾, ఆరు కలిపితే 46½. అంచుల కుట్టుతో కలిపి 39¼, 47 రావాలి. 40కి 48 అనుకున్న క్విల్టు అడ్డంగా 1¼, నిలువుగా 1½ అంగుళాలు తగ్గింది. బిడ్డకు తెలియదు.

నీలిరంగు_దారం
నా బాధ కూడా ఇక్కడే అడిగేస్తాను. బ్లాకులను వజ్రంలా ఏటవాలుగా పేర్చి, పక్కలు పూడ్చడానికి త్రిభుజాలు కోశాను. 6 అంగుళాల బ్లాకు. క్విల్టు చుట్టూ అంచు పావడా కుచ్చులా ఊగుతోంది.

లెక్కల_మాస్టారు
చదరాన్ని ఒక్కసారి మాత్రమే కోసి రెండు త్రిభుజాలు చేశారా?

నీలిరంగు_దారం
అవును.

లెక్కల_మాస్టారు
అందుకే. ఒక్కసారి కోస్తే త్రిభుజం పొడవు వైపు ఐమూల అవుతుంది. పక్క త్రిభుజంలో ఆ పొడవు వైపే క్విల్టు బయటి అంచు. పెద్ద చదరాన్ని రెండు మూలల మీదుగానూ కోసి నాలుగు చేయాలి, అప్పుడు పొడవు వైపు తిన్నటి పోగు వస్తుంది. 6ను 1.414తో హెచ్చించి 1¼ కలపండి, 9¾ అంగుళాల చదరం. క్విల్టు నాలుగు మూలలకు మాత్రం ఒక్కసారి కోసినవే సరి. అక్కడ పొట్టి వైపులు బయటికి వస్తాయి. దానికి 6ను 1.414తో భాగించి ⅞ కలపాలి, 5⅛ అంగుళాల చదరాలు రెండు చాలు.

నీలిరంగు_దారం
రాసుకున్నాను. ఈ మాట ముందే తెలిసి ఉంటే రెండు గజాల గుడ్డ మిగిలేది.

కలంకారి_ముక్క
శని, ఆదివారాలు ఇదే పని. గంజి మూడింతలు నీళ్లతో కలిపాను, కలంకారి నలుపు మీద తెల్లపొర ఏమీ కట్టలేదు. ఇరవై ఏడు బ్లాకులు 8¼కు సరిగ్గా వచ్చాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి పక్కనుంచి చూస్తే పుస్తకం అట్టలా ఒకే గీత! ముప్పై సార్లు కొలిచిన దాన్ని మళ్ళీ కొలవబుద్ధి అయింది.

మూడు మాత్రం కుదరలేదు. వాటి మధ్య కొన ఒక పక్కకు జరిగి ఉంది, మధ్యను ఆధారం చేసుకుని కోస్తే ఒక వైపు గుడ్డ చాలడం లేదు. ఆ మూడూ కొత్తగా కుట్టాలి. వాణిగారి పద్ధతిలో, పావుఅంగుళంగారి కొలతతో.

లెక్కల_మాస్టారు
త్రిభుజం ముక్క కుట్టులోపల 3⅞, దానికి 1 కలిపి 4⅞ చదరాలు. కుట్టాక 4⅜కు కోయాలి. మూడు బ్లాకులకు పన్నెండు ముక్కలు, అంటే ఆరు జతలు. కలంకారి చదరాలు ఆరు చాలు, అరగజంలో హాయిగా వస్తాయి.

మిషన్_చప్పుడు
ఒకటి చెప్పడం మరిచాను. గాలిమర మధ్యలో ఎనిమిది పొరలు ఒకచోట చేరి ముద్దలా లేస్తుంది. నాలుగు ముక్కలు కలిపాక వెనక్కు తిప్పి, మధ్య గీతకు పైన ఉన్న కుట్టులోని రెండు మూడు టాకాలు విప్పండి, మార్జిన్‌లో, అంటే కుట్టు గీతకు బయట అంచు వైపు ఉన్నవి మాత్రమే. అప్పుడు మార్జిన్‌లు నాలుగూ ఒకే దిక్కుగా, గడియారం ముల్లులా తిరిగి పడుకుంటాయి. వెనుక కూడా ఒక చిట్టి గాలిమర కనిపిస్తుంది.

కలంకారి_ముక్క
కొత్త మూడింటికి అలాగే చేశాను. వెనుక వైపు పావలా కాసంత గాలిమర! మంచివైపు కంటే దాన్నే ఎక్కువసేపు చూశాను.

అన్నీ కలిపాను కూడా. దాదాపు అన్నిచోట్లా ఐమూల అంచుకు ఐమూల అంచే తగులుతోంది కాబట్టి ప్రతి కుట్టుకూ ముందు రెండు కొనలు, తర్వాత మధ్య, తర్వాత సగాల మధ్యలో గుండుసూదులు పెట్టాను. అడ్డంగా కొలిస్తే మధ్యలో 39⅛, పై అంచు దగ్గర 39½, కింద 39⅜. 39¼ రావాలి కదా. బోర్డరు ఏ కొలతకు కోయాలి?

పావుఅంగుళం
మధ్య కొలతకు, 39⅛. పైకీ కిందికీ అదే. అంచు కొలతకు కోస్తే సాగినది అలాగే శాశ్వతంగా ఉండిపోతుంది. బోర్డరు పట్టీని పడుగు వెంట, గుడ్డ గట్టి అంచుకు సమాంతరంగా కోయండి, అది అస్సలు సాగదు. బోర్డరు మధ్యకూ క్విల్టు మధ్యకూ సూది, కొనకూ కొనకూ సూది. మిగిలిన పొడవును సూదుల మధ్య సమంగా పంచండి. కుట్టేటప్పుడు క్విల్టు కింద, బోర్డరు పైన.

మిషన్_చప్పుడు
దానికి ముందు చుట్టూ అంచుకు ⅛ అంగుళం లోపల ఒక వరుస కుట్టు వేసేయండి. పెద్ద టాకాలు వద్దు, మామూలు కుట్టే. బోర్డరు కుట్టులో అది దాగిపోతుంది.

కలంకారి_ముక్క
రాత్రి పదకొండున్నరకు బోర్డరు నాలుగు వైపులా అయింది. నేల మీద పరిచాను, ఎక్కడా లేవలేదు. నాలుగు మూలలూ పలక మీద పెట్టినట్లు ఉన్నాయి. ఇంక మధ్యలో దూది పరిచి చేత్తో కుట్టాలి. బొంత_మనవరాలు, బామ్మగారు చేతికుట్టు వరుసల మధ్య ఎంత దూరం వదిలేవారు?

బొంత_మనవరాలు
ఇప్పుడే బొంత మీద బొటనవేలు పెట్టి చూశాను. వేలు వెడల్పు.